డిండి ఇంగిలాయి నుంచి సూర్యలంక టేకు దాకా

గురువారం, డిండి

మా బావమరిది కొత్త రాడ్ కొన్నాడు. సముద్రం ఒడ్డున నిలబడి దూరంగా విసిరే పొడుగాటి రాడ్. నల్లగొండలో ఉండి ఇదెందుకురా అంటే జవాబు లేదు. "ఒక్కసారి సూర్యలంక పోదాం బావా" అని సంక్రాంతి నుంచి ఒకటే పోరు. సరేనన్నాను గానీ ఒక షరతు పెట్టాను. సముద్రంలో గాలానికి పడే చేపల్లో సగానికి మనకు పేరు కూడా తెలియదు, కొన్నింటికి ముల్లులో విషం ఉంటుంది. ముందు మన కృష్ణ మీద, మనకు తెలిసిన ముళ్ల చేపల దగ్గర చేయి తిరగనీ, ఉప్పునీళ్ల సంగతి తర్వాత చూద్దాం అన్నాను. అట్లా బాపట్ల పోవాల్సిన బండి దేవరకొండ దారి పట్టింది.

డిండి ప్రాజెక్టు నిజాం కాలం నాటిది. హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయే రోడ్డు పక్కనే ఉంటుంది. జనం ఆగి ఫొటోలు దిగి పోతారు గానీ కట్ట దిగి నీళ్ల దాకా వచ్చేవాళ్లు తక్కువ. ఇలాంటి చోట చేపల మీద హక్కు మత్స్యకారుల సొసైటీలది, కాబట్టి గాలం వేసే ముందు అడగాలి. అడిగాం. "గాలమేగా, వేసుకోండి" అన్నారు.

వానపాము ఎరకు మొదట పడ్డవన్నీ జిలేబీ చేపలే, అదే తిలాపియా. వాటి వీపు మీద ముళ్లు వరుసగా నిక్కబొడుచుకొని ఉంటాయి, అజాగ్రత్తగా పట్టుకుంటే రక్తం వస్తుంది. అంతకుమించి ఏమీ కాదు, వాటిలో విషం లేదు. తల వైపు నుంచి తోక వైపుకు అరచేత్తో దువ్వుతూ పట్టుకుంటే ముళ్లు పడుకుంటాయి. మా వాడికి అది రెండో చేపకే వచ్చేసింది.

అసలు పాఠం మా గాలం నుంచి రాలేదు. కొంచెం అవతల సొసైటీ కుర్రాడు వల దులుపుతూ "అబ్బా" అని చేయి విదిలించాడు. వలలో ఇంగిలాయి. కొన్ని ఊళ్లలో ఇంగిలికం అంటారు. ఇటుక రంగు కలిసిన నలుపు, పొలుసులు ఉండవు, నోటి చుట్టూ నాలుగు జతల మీసాలు. చాలామంది దీన్ని చూసి మార్పు అనుకుంటారు. వీపు చూస్తే తేడా తెలిసిపోతుంది. మార్పుకు వీపు రెక్క తోక దాకా సాగుతుంది, ఇంగిలాయికి చిన్న ముక్కంతే ఉంటుంది. ఆ వీపు రెక్కలో ముల్లు ఉండదు. ప్రమాదమంతా మొప్పల వెనక అటొకటి ఇటొకటి ఉండే రెండు ముళ్లతోనే. బెదిరితే అవి అడ్డంగా తెరుచుకొని కీలు దగ్గర బిగుసుకుంటాయి, నొక్కినా ముడుచుకోవు. ముల్లు మీద పల్చటి చర్మపు తొడుగు, దాన్ని అంటుకొని విషం తయారుచేసే కణాలు. ముల్లు దిగినప్పుడు తొడుగు చిరిగి విషం గాయంలోకి పోతుంది. చిన్న గుచ్చుడుకు చేయంతా సలపడానికి కారణం అదే.

కుర్రాడి వేలు చూస్తుండగానే ఎర్రబడింది. ఒకాయన సున్నం తెమ్మన్నాడు, ఇంకొకాయన మణికట్టు దగ్గర తాడు కట్టమన్నాడు. బ్లేడుతో కోసి రక్తం పిండాలన్నవాళ్లూ ఉన్నారు. నేను రోడ్డు మీది టీ కొట్టుకు పరుగెత్తి వేడినీళ్ల బకెట్ తెచ్చాను. చేప ముల్లులోని విషం ప్రోటీన్, వేడికి చెడిపోతుంది. నీళ్లు సుమారు 45 డిగ్రీల వేడి ఉండాలి, దాటితే చర్మం కాలుతుంది. థర్మామీటర్ ఎవరి దగ్గర ఉంటుంది? కుట్టని చేయి ముందు ముంచి చూడాలి, ఓర్చుకోగలిగినంత వేడి ఉంటే సరిపోతుంది. కుట్టిన చేయితో చూడకూడదు, ఆ నొప్పిలో వేడి తెలియక కాల్చుకుంటారు. చల్లారినకొద్దీ వేడినీళ్లు కలుపుతూ అరగంట నుంచి గంటన్నర దాకా ఉంచవచ్చు. నీళ్లు కలిపేటప్పుడు చేయి బయటికి తీయాలి.

కాసేపటికి కుర్రాడి మొహం తేటపడింది. టీ కొట్టాయన నీళ్లకు డబ్బులు తీసుకోలేదు గానీ, "సున్నమే పెడితే అయిపోయేది, ఇంత హంగామా ఎందుకు" అన్నాడు. మురికినీటి గాయం కాబట్టి టెటనస్ ఇంజెక్షన్ తీసుకోమని, వాపు పెరిగినా చీము పట్టినా డాక్టర్‌కు చూపించమని చెప్పి వచ్చాం. వెళ్తాడో లేదో.

శుక్రవారం, సోమశిల

అచ్చంపేట మీదుగా కొల్లాపూర్, అక్కడి నుంచి సోమశిల. శ్రీశైలం ప్రాజెక్టు వెనక నీళ్లు ఇక్కడి దాకా పరుచుకుంటాయి. ప్రాజెక్టు నిండు మట్టం 885 అడుగులు, మేం వెళ్లేసరికి నీళ్లు బాగా దిగి గట్ల మీద మెట్లు మెట్లుగా గీతలు పడ్డాయి. ఆవలి ఒడ్డు ఆంధ్ర. వేసవిలో అటు వైపు సంగమేశ్వరం గుడి నీళ్లలోంచి బయటపడుతుంది.

ఒడ్డున టార్పాలిన్ గుడారాల్లో ఉండే మత్స్యకారుల్లో చాలామంది కోస్తా నుంచి వచ్చినవాళ్లు. వాళ్లతో పాటు అలివి వల కూడా వచ్చింది. సముద్రం ఒడ్డున అర్ధచంద్రాకారంగా వేసి రెండు కొసలూ పట్టి లాగే వల అది. రిజర్వాయర్‌లో వాడితే ఆ సన్న కన్ను చేపపిల్లల్ని కూడా ఊడ్చేస్తుంది, అందుకే ఇక్కడ నిషేధం. దాని మీద స్థానికులతో గొడవలూ నడుస్తుంటాయి. నా మాటకొస్తే నిషేధమే న్యాయం, సర్కారు ఇన్నేళ్లుగా పిల్లల్ని వదిలేది పెరగడానికి కదా.

మాకు దొరికిన తాత మాత్రం పుట్టిలో తిరుగుతూ మామూలు వల వేసుకునే మనిషి. విశాఖ దగ్గరి పల్లె. చిన్నప్పుడు పోర్ట్‌బ్లెయిర్‌లో వేట చేశాడు, తర్వాత విశాఖలో బోటు మీద పనిచేశాడు, వయసు మీదపడ్డాక కొడుకు వెంట ఇక్కడికి వచ్చాడు. మా వాడి రాడ్ చూసి నవ్వాడు. "దీన్నట్టుకుని సముద్రానికెళ్తారేటి బాబూ? ఏ చేపకి ముల్లెక్కడో తెలుసా?"

"నువ్వే చెప్పు తాతా" అన్నాడు మా వాడు, పక్కన కూర్చుంటూ.

పుట్టిలో పడి ఉన్న జెల్లను తీసి తాత మొదలుపెట్టాడు. జెల్లకు మూడు ముళ్లు. వీపు మీద ఒకటి, మొప్పల వెనక రెండు. మూడూ నిలబడితే బిగుసుకుంటాయి, అంచులకు రంపపు పళ్లుంటాయి, దిగడం తేలిక, తీయడం కష్టం. ఆయన అరచేయి పొట్ట కింద పెట్టి, చూపుడు వేలూ బొటనవేలూ పక్క ముళ్ల వెనకకు చేర్చి పట్టాడు. వీపు ముల్లు పైకి నిలబడే ఉంది కానీ అక్కడ చేయి లేదు. "ముందు నుంచి అట్టుకుంటే దిగిపోద్ది. ఎనకనుంచి అట్టుకో. సముద్రం జెల్లైనా ఇదే పట్టు."

తర్వాత గంటసేపు అండమాన్ కబుర్లే. రాళ్లలో రాయిలా కదలకుండా పడుకునే రాయి చేప గురించి చెప్పాడు. మగ్గిన పాచి రంగు, వంకర నోరు, వీపు మీద పదమూడు ముళ్లు. తొక్కినవాడికి తొక్కానని తెలిసేలోపే కాలు పట్టేస్తుందట. చేపల్లో అంతకంటే విషమున్నది మరొకటి లేదంటారు. దాని విషానికి విరుగుడు మందు ఆస్ట్రేలియాలో 1959 నుంచి తయారవుతోంది. మన ఇసుక తీరంలో అది కనిపించే చేప కాదు, పగడపు దిబ్బలు, రాళ్లు దాని ఇల్లు. లయన్ ఫిష్ సంగతి వేరు. అది దాక్కోదు, ఎర్రటి తెల్లటి చారలతో విసనకర్రల్లాంటి రెక్కలు విప్పుకొని ఎవరికీ బెదరకుండా తిరుగుతుంది. చూడ్డానికి భయపెట్టే ఆ పక్క రెక్కల్లో విషం లేదు. వీపు మీద పదమూడు, పొట్ట కింద రెండు, తోక దగ్గర అడుగున మూడు ముళ్లున్నాయి, విషమంతా వాటిలోనే. అవి కత్తిరించేస్తే మాంసం శుభ్రంగా తినవచ్చు.

"పేరు అడక్కు బాబూ. మా ఊళ్లో ఒక పేరు, కాకినాడలో ఇంకో పేరు. ముల్లెక్కడో సూడు" అన్నాడు తాత. ఈ యాత్ర మొత్తంలో నేను నోట్‌బుక్‌లో గీత గీసుకున్న మాట ఇదొక్కటే.

శనివారం, నాగార్జునసాగర్

డిండి, దేవరకొండ, పెద్దవూర మీదుగా వెనక్కి. 1955లో నెహ్రూ శంకుస్థాపన చేసిన డ్యామ్ ఇది, ఎన్నిసార్లు చూసినా మా వాడు వంతెన మీద బండి ఆపాల్సిందే. శనివారం కాబట్టి హైదరాబాద్ కార్లు బారులు తీరాయి. చేపల ఫ్రై కొట్ల దగ్గర నిలబడే చోటు లేదు. ఒక కొట్టులో కొరమీను అని చెప్పి ఏదో అమ్ముతుంటే మా వాడు గొడవకు దిగాడు. కొరమీను మన రాష్ట్ర చేప, దాని తల పాము తలలా చదునుగా, పెద్ద పొలుసులతో ఉంటుంది. నూనెలో వేగి మసాలా పట్టిన ముక్కలో అది ఎట్లా కనిపెట్టాడో నాకైతే తెలియదు. రుచి బాగుంది, నేను తిన్నాను.

హిల్ కాలనీలో సామాను కొన్నాం. పొడవు ముక్కు ప్లయర్, వైర్ కత్తిరించే కట్టర్, మందం అడుగున్న రబ్బరు బూట్లు, పెద్ద ఫ్లాస్క్. సూర్యలంక ఒడ్డున టీ కొట్టు దగ్గర్లో ఉంటుందన్న నమ్మకం లేదు, వేడినీళ్లు మన దగ్గరే ఉండాలి. తోలు గ్లవ్స్ కావాలన్నాడు. వద్దన్నాను. టేకు అంటే స్టింగ్‌రే చేప, దాని తోక ముల్లు చెప్పుల అడుగునే దాటుకొని పోతుంది, గ్లవ్స్ వేసుకుంటే లేని ధైర్యం వచ్చి పట్టుకోకూడనిదాన్ని పట్టుకుంటాం.

సాయంత్రం కుడిగట్టు వైపు నీళ్ల అంచున జెల్లల మీద సాధన. చేత్తో ముట్టకుండా, దారం బిగించి, ప్లయర్‌తో గాలం మెడ పట్టుకొని తిప్పితే చేప బరువుకే జారి నీళ్లలో పడుతుంది. గాలం లోపలికి మింగేస్తే దారం కత్తిరించేయడమే. మా వాడికి దారం కత్తిరించడం చాలా కష్టం, ఒక్కో గాలం ధర చెబుతాడు. ఆసుపత్రి బిల్లు ధర నేను చెప్పాను.

అక్కడే ఒక నీరుకట్టె రాళ్ల మధ్య నుంచి ఈదుకుంటూ పోయింది. విషం లేని పాము, కరుస్తుంది గానీ ప్రాణభయం లేదు. దాని తోక గుండ్రంగా సన్నబడుతుంది. రేపు సముద్రంలో పాము కనిపిస్తే తోక చూడు అన్నాను. తెడ్డులా పక్కలకు అణిగిపోయిన తోక ఉంటే అది సముద్రపు పాము, దాని విషం ప్రాణం తీసేది. మన దగ్గర దొరికే పాము విషపు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర అనే నాలుగింటికే. సముద్రపు పాముకు అది పనిచేయదు, వేడినీళ్లు కూడా పనిచేయవు. వలలో పడితే వల వదిలేయాలి, కరిస్తే కదలకుండా పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి.

ఆదివారం, సూర్యలంక

తెల్లవారకముందే బయల్దేరి మాచర్ల, నరసరావుపేట, చిలకలూరిపేట మీదుగా బాపట్ల. అక్కడి నుంచి కాసేపట్లో సముద్రం. ఆదివారం జనానికి దూరంగా ఉత్తరం వైపు నడిచాం.

కొద్ది దూరంలో అలివి వల లాగుతున్నారు. ఇక్కడ అది దాని సొంత ఇంట్లో ఉంది. వల ఇసుక మీదికి వచ్చేసరికి మా వాడు రాడ్ సంగతి మరచిపోయి కుప్ప ముందు కూర్చున్నాడు. వెండి రిబ్బన్‌లా సావళ్లు, చేతిలో సగం ఉండే కారలు, మీసాల గులివిందలు, కొయ్యంగలు, కానాగంతలు. వీటి వరకు భయం లేదు, సావడి పళ్లు తప్ప. వల యజమాని పెద్దాయన, "ఏ ఊరండీ?" అని పలకరించి, నల్లగొండ అనగానే "సముద్రం లేని ఊరోళ్లు గాలాలేసుకొచ్చారు" అని నవ్వి, కుప్పలో చేయి పెట్టనివ్వకుండా కర్రతో ఒక్కోటి తిరగేసి చూపించాడు.

తోక వైపు పాములా సాగిపోయి, పొడవునా రెండు తెల్ల చారలున్న చిన్న జెల్ల ఒకటి వచ్చింది. చారల జెల్ల పిల్లలు వందలకొద్దీ బంతిలా గుమిగూడి తిరుగుతాయి. ఇది జెల్లల్లో చాలా చెడ్డది. ముళ్లు మూడే, చోట్లూ మనకు తెలిసినవే, విషం మాత్రం ఇంగిలాయి కంటే ఎంతో ఎక్కువ. దీనికి తాత పట్టు కూడా వద్దు, కర్రే మేలు. పెద్ద సముద్రపు జెల్లలు వేరే కుప్ప పోశారు. వాటిలో మగ చేప గుడ్లను నోట్లో పెట్టుకొని పొదుగుతుంది, పిల్లలయ్యేదాకా ఏమీ తినదు. ఒకదాని నోట్లోంచి గోళీలంత గుడ్లు రాలితే మా వాడు చాలాసేపు అక్కడి నుంచి కదల్లేదు. ఆడవాళ్లు ప్లయర్‌తో టకటకా జెల్లల ముళ్లు విరిచి ఇసుకలో పడేస్తున్నారు. ఇది నాకు నచ్చలేదు. చచ్చిన చేప ముల్లులో కూడా విషం పోదు. పనికిరాదని ఒడ్డున విసిరేసిన చిన్న జెల్లలను తొక్కేది ఎప్పుడూ చెప్పుల్లేని పిల్లలే.

అడుగున బంతిలా ఉబ్బిన చేప ఒకటి. పెద్దాయన కర్రతో దూరంగా నెట్టాడు. ఇది పఫర్ చేప. దీనికి కుట్టే ముల్లు లేదు, దీని విషం కాలేయంలో, గుడ్లలో, కొన్నింటిలో చర్మంలో కూడా ఉంటుంది. ఇప్పటిదాకా చెప్పిన ముళ్ల విషం వేడికి చెడుతుంది, ఇది ఎంత ఉడికించినా చెడదు. తింటే పెదాలు మొద్దుబారడంతో మొదలై ఊపిరి కండరాలు పడిపోతాయి, విరుగుడు లేదు. కోళ్లకు వేసినా తప్పే.

మధ్యాహ్నం మా గాలానికి బరువు తగిలింది. మా వాడు పట్టింది రాయి కాదని తెలియడానికి చాలాసేపు పట్టింది, అది అడుగుకు అతుక్కొని కదల్లేదు. లాగగా లాగగా టేకు, పళ్లెమంత వెడల్పు. "తోక పట్టుకో" అని వెనక నుంచి ఎవరో కుర్రాడు అరిచాడు. అదే చేయకూడదు. ముల్లు తోక కొసలో ఉంటుందని అందరూ అనుకుంటారు. అది తోక పైన, మొదలుకు కొంచెం దూరంలో ఉంటుంది, ఒకటీ ఉండవచ్చు రెండూ ఉండవచ్చు. రెండు అంచులా వెనక్కి తిరిగిన రంపపు పళ్లు, అడుగున గాళ్లలో విషపు కణజాలం. టేకు తోకను తన వీపు మీదుగా ముందుకు కొడుతుంది, కాబట్టి తల వైపు నిలబడ్డా సురక్షితం కాదు. ఆస్ట్రేలియా టీవీ మనిషి స్టీవ్ ఇర్విన్ 2006లో చనిపోయింది ముల్లు ఛాతీలో దిగడం వల్ల. కాలికో చేతికో గుచ్చితే వేడినీళ్లు, ఆసుపత్రి. ఛాతీలో, పొట్టలో, మెడలో దిగితే ముల్లు అసలు పీకకూడదు, అట్లాగే ఉంచి ఆసుపత్రికి తీసుకుపోవాలి. పీకితే లోపలి రక్తం ఆగదు.

నేను కట్టర్ అందించాను. మా వాడు దారం వైపు, టేకు వైపు, నా వైపు చూశాడు. ఇంతలో పెద్దాయన వచ్చి, పలకతో టేకును ఇసుకకు అదిమి, తోక మొదట్లో ఒక్క వేటు వేశాడు. "కూర బాగుంటదండీ, వదులుతారేంటి?" తెగిన తోకను మాత్రం కుప్పలో వేయనివ్వలేదు. నేను ముల్లును ప్లయర్‌తో విరిచి ఖాళీ నీళ్ల సీసాలో వేసి మూత పెట్టాను. ఆయన నా చాదస్తానికి నవ్వుకున్నాడు.

తర్వాత మోకాలి లోతు నీళ్లలో నిలబడి గాలం వేశాం. నడక కూడా నేర్చుకోవాల్సిందే. పాదం ఎత్తి వేయకుండా ఇసుకలో ఈడుస్తూ పోవాలి, ఆ అలికిడికి ఇసుకలో పడుకున్న టేకు లేచి పోతుంది. పైనుంచి తొక్కితే కొడుతుంది. అంతకుమించి లోపలికి పోలేదు, ఈ తీరంలో ప్రవాహం ముంచేసిన కథలు ప్రతి ఏడాదీ పేపర్లో చదువుతూనే ఉన్నాం. ఫ్లాస్క్ నీళ్లతో సాయంత్రం కాఫీ కలుపుకున్నాం.

సోమవారం, వాడపల్లి దారి

పొద్దున్నే వంజరం కొన్నాం. మా అక్కకు సముద్రపు చేప అంటే అదే. బేరం కంటే నేను మంచు దగ్గర ఎక్కువ పట్టుబట్టాను. వంజరం, కానాగంత, సూర (ట్యూనా) లాంటి చేపలు ఎండకు వెచ్చబడితే మాంసంలో హిస్టమిన్ పుడుతుంది. వాసన రాకపోవచ్చు, ఉడికినా పోదు. తిన్న కాసేపటికే మొహం ఎర్రబడి, తలనొప్పి, దద్దుర్లు. చాలామంది దాన్ని "చేప పడలేదు" అనుకుంటారు. పట్టిన గంట నుంచి పొయ్యి దాకా మంచులోనే ఉండాలి.

వచ్చే దారి పిడుగురాళ్ల, దాచేపల్లి, వాడపల్లి. వాడపల్లి దగ్గర మూసీ వచ్చి కృష్ణలో కలుస్తుంది. వంతెన దాటగానే మా వాడు గాలం వేద్దామన్నాడు, డబ్బాలో మంచు కరుగుతోందని నేను బండి ఆపలేదు. మిర్యాలగూడలో పెట్టె తెరిచి నీళ్లు వంపేసి మంచు మళ్లీ నింపాం. అక్కడ మా వాడికి మరో ఆలోచన వచ్చింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో బోట్లకు వేట నిషేధం కదా, ఆ లోపే నిజాంపట్నం పోయి బోటు మీద వేట చూసి రావాలట. "రాయి చేప ఉండదుగా అక్కడ?" అని అడిగాడు. ఉండదు గానీ చారల జెల్ల ఉంటుందన్నాను. అయితే రెండో ఫ్లాస్క్ కొందామన్నాడు.